బ్లాస్టింగ్ వేళ తాపీ కింద పెట్టాలి

నా లైసెన్సు ఇనుప బీరువాలో, పెళ్లి పట్టుచీర కింద ఉంటుంది. కాగితం మీద దాన్ని రిజిస్ట్రేషన్ అంటారు గానీ గోదావరిఖనిలో మేమంతా లైసెన్సు అనే అంటాం. కంపెనీ క్వార్టర్లకు మరమ్మతులు చేసే కాంట్రాక్టరుగా అందులో నా పేరు రాసి ఉంది. ఆ చీర కట్టుకున్నది మొత్తం నాలుగుసార్లు. ఆ కాగితం బయటికి తీసింది మాత్రం లెక్కలేనన్నిసార్లు. టెండరుకు దాని నకలు కావాలి, గేటు పాసుకు కావాలి, సిమెంటు దుకాణంలో కొత్త గుమస్తా చేరి నన్ను అనుమానంగా చూసినా అదే కావాలి.

దాన్ని సంపాదించడం కష్టమైందా అని కొందరు అడుగుతుంటారు. కష్టం కాదు, తిరుగుడు. పాన్ కార్డు, జీఎస్టీ, బ్యాంకు పత్రం ఎలాగో వచ్చాయి. మెలిక అంతా అనుభవ పత్రం దగ్గర పడింది. మా బాపు క్వార్టర్లలో పనిచేసిన సుతారి, తాపీ మేస్త్రీ. ఆయన వెంట తట్ట మోయడంతో మొదలుపెట్టి, నేనూ తాపీ పట్టేదాకా వచ్చాను. పదిహేనేళ్లు చేసిన ఆ పనులన్నీ వేరే కాంట్రాక్టర్ల పేర్ల మీదే ఉన్నాయి. ఒక్కొక్కరి గడప ఎక్కి, "నేను చేసిన పని నాకు రాసియ్యి కాకా" అని కూర్చున్నాను. ఇద్దరు రాసిచ్చారు. మూడో ఆయన, "ఆడిదానివి, నీకు లైసెన్సు ఎందుకు బిడ్డా?" అన్నాడు. "నీకెందుకో నాకూ గందుకే" అన్నాను. ఆయన నవ్వి, సంతకం పెట్టాడు.

ఆఫీసులో కాగితాలు ఇస్తుంటే గుమస్తా నా వెనక్కి చూశాడు, తోడుగా మగవాళ్లు ఎవరైనా వచ్చారేమోనని. "ఎన్క ఎవ్వలు లేరన్నా, కాంట్రాక్టర్ నేనే" అన్నాను.

ఈ నోటి దురుసు నాకు బాపు నుంచి వచ్చింది. పని కూడా ఆయన నుంచే వచ్చింది. నోటిని మాత్రం పూర్తిగా తెచ్చుకున్నాను, పనిని కొంత వదిలేసి తెచ్చుకున్నాను. ఆ సంగతి తెలిసేసరికి లైసెన్సు రెన్యువల్‌కొచ్చింది.

మేం పనిచేసే కాలనీ పక్కనే ఓపెన్ కాస్టు గని ఉంది. బొగ్గు మీది బండను పగలగొట్టడానికి మధ్యాహ్నం పూట బ్లాస్టింగ్ చేస్తారు. ముందు సైరన్ మోగుతుంది. కొంతసేపటికి నేల కడుపులో గుడుగుడుమంటుంది, తలుపు గొళ్లేలు టకటకలాడతాయి, అల్మారాలో గిన్నెలు ఒకదానికొకటి తగులుతాయి. ఇక్కడ పుట్టిన పిల్లలు నిద్రలో ఉంటే పక్కకు కూడా ఒత్తిగిలరు. బాపు మాత్రం ఆ వేళకు ఒక నియమం పెట్టుకున్నాడు. సైరన్‌కు గంట ముందు నుంచి పైకప్పుకు ప్లాస్టరింగ్ చేయకూడదు. తడి సిమెంటు మాలు స్లాబును గట్టిగా పట్టుకోకముందే నేల అదిరితే మధ్యలో సన్నటి సందు పడుతుంది. పైకి ఏమీ కనిపించదు, సున్నం వేస్తే తెల్లగా మెరిసిపోతుంది. తాపీ పిడితో కొడితే మాత్రం డొల్ల శబ్దం వస్తుంది. అందుకని ఆ గంటసేపు తాపీలు కడిగి కింద పెట్టి, సద్దులు విప్పుకొని తినాలి. బ్లాస్టింగ్ అయ్యాక లేచి, పొద్దున చేసినదంతా ఈ మూల నుంచి ఆ మూల దాకా కొట్టి చూసుకొని, అప్పుడు మిగతాది మొదలుపెట్టాలి. బాపు దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరికీ ఇది అన్నం తిన్నంత అలవాటు.

నా లైసెన్సుకు మూడేళ్ల గడువు. గడువు లోపల రెన్యువల్ కాకపోతే మళ్లీ కింది తరగతి నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు పైకప్పుల పనులు రావు, మురుగు మోరీలు, ప్రహరీ గోడలు మాత్రమే వస్తాయి. నా దగ్గర ఏడుగురు పనిచేస్తారు. మోరీ పనికి ఇద్దరు చాలు. మిగతా ఐదుగురినీ ఇంటికి పొమ్మనాలి. రెన్యువల్‌కు కావలసిన కాగితాల్లో ముఖ్యమైనది, ఆఖరి పని బాగుందని సైటు ఇంజినీరు ఇచ్చే సర్టిఫికెట్.

ఆ ఇంజినీరు కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. ఒకరోజు చెప్పకుండా సైటుకు వచ్చాడు, సరిగ్గా బ్లాస్టింగ్ వేళకు. లోపల కప్పు సగం పూసి ఉంది. బయట చెట్టు నీడన ఎనిమిది మందిమి కాళ్లు చాపుకొని తింటున్నాం. నా చేతులకు మాలు, తలకు తువ్వాల.

"కాంట్రాక్టర్ ఎక్కడ?" అన్నాడు, నన్నే చూసి.

"కాంట్రాక్టర్ బువ్వ తింటున్నది సార్. బ్లాస్టింగ్ అయినంక లేస్తది" అన్నాను.

మా వాళ్లు గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. తనను ఆటపట్టిస్తున్నామనుకున్నాడు, అందులో తప్పు లేదు. జీపు బానెట్ మీద సైటు పుస్తకం పెట్టి రాసి, దాన్ని మాకిచ్చి వెళ్లిపోయాడు. తీసి చూస్తే, 'పైకప్పు పని సగంలో ఆపేశారు. కూలీలు ఖాళీగా కూర్చున్నారు. కాంట్రాక్టర్ లేరు' అని ఉంది. నా ఎదురుగా నిలబడి నేను లేనని రాసిన మనిషి మీద నాకు ఎంత మండిందో చెప్పలేను. నేనే అని లేచి నిలబడి ఉంటే సరిపోయేదని మర్నాడు గానీ తట్టలేదు.

ఆ రాత ఉండగా సర్టిఫికెట్ రాదు. ఆఫీసుకు వెళ్లి, మా నియమం సంగతి వివరంగా చెప్పాను.

"బ్లాస్టింగ్ వేళ పని ఆపాలని స్పెసిఫికేషన్లో ఎక్కడుందండీ?" అన్నాడు.

"ఎక్కడ లేదు సార్. మా బాపు చెప్పిండు."

"మీ నాన్నగారు చెప్పారని రిజిస్టర్లో రాయలేను కదా! ఏదైనా ఆధారం చూపించండి, రాసింది నేనే కొట్టేస్తాను."

నేను ఆయన కుర్చీలో ఉన్నా అదే అనేదాన్ని. గడువుకు ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. ఆధారం ఎక్కడ తేవాలి? నేను చేసిన కప్పులు ఎన్ని చూపించినా లాభం లేదు. పని ఆపినందుకు బాగున్నాయా, ఆపకపోయినా బాగుండేవా అంటే ఏం చెప్పాలి? ఆపకుండా చేసి చెడగొట్టిన కప్పు కావాలి. అలాంటిది ఒకటుందని నాకు తెలుసు. అది చేసింది నేనే.

లైసెన్సు వచ్చాక నా మొదటి పని అది. చేతిలో కొత్త కాగితం, ముందు దగ్గరపడుతున్న పని అప్పగింత తేదీ. బాపు నియమం పాత చాదస్తంలా అనిపించింది. ఒక క్వార్టర్లో రెండు గదుల కప్పులు బ్లాస్టింగ్ వేళ కూడా ఆపకుండా పూయించాను. బిల్లు పాసయ్యాక ముందు గదిలో పళ్లెమంత పెచ్చు ఊడి మంచం మీద పడింది. అప్పుడు మంచం మీద ఎవరూ లేరు. ఆ ఇల్లు గనిలో ఫిట్టరుగా పనిచేసే ఒక ముస్లిం పెద్దాయనది. ఆయన భార్యను వీధిలో అందరూ ఖాలా, అంటే పిన్ని, అంటారు, నేనూ అంతే. ఆమె ఆఫీసుకు పోకుండా నాకే కబురు పంపింది. ఒక ఆదివారం పోయి ముందు గది మొత్తం రాల్చి, ఈసారి బాపు నియమం ప్రకారం మళ్లీ చేశాను. వంటింటి కప్పు కొట్టి చూస్తే అదీ డొల్లే. అప్పుడు ఉపవాసాల నెల నడుస్తోంది. "పండుగ అయినంక చెయ్యి బేటీ, ఇప్పుడు వంటిల్లు ఖాళీ చెయ్యలేను" అంది ఖాలా. సరేనన్నాను. పండుగ అయింది, ఇంకో టెండరు వచ్చింది, వానలు వచ్చాయి. దాదాపు మూడేళ్లు గడిచాయి. ఆ వీధి వచ్చేసరికి స్కూటీ పక్క సందులోకి తిప్పేదాన్ని. ఊడలేదంటే గట్టిగానే ఉండి ఉంటుందని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

ఇంజినీరును అక్కడికి తీసుకుపోతానంటే, మా పనివాళ్లలో పెద్దదైన అక్క నెత్తి కొట్టుకుంది. "నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటవా?"

"తవ్వితేనే గదక్కా మన దగ్గర బొగ్గు వచ్చేది" అన్నాను. పైకి అలా అన్నాను గానీ ఆ పూట సద్ది విప్పకుండానే ఇంటికి తీసుకుపోయాను.

మర్నాడు సైరన్‌కు ముందే ఆయన్ను ఖాలా క్వార్టర్‌కు తీసుకెళ్లాను. నా తాపీ ఆయన చేతికిచ్చి, "మీరే కొట్టి చూడున్రి సార్" అన్నాను. స్టూలు ఎక్కి ముందు గది కప్పు కొట్టాడు. గట్టిగా పలికింది. వంటింట్లో కొట్టాడు. ఖాళీ డబ్బాలా మోగింది. రెండుసార్లు ఈ గదిలోకీ ఆ గదిలోకీ తిరిగి, మళ్లీ కొట్టి చూశాడు. స్టూలు దిగుతూ, "వంటిల్లన్నారు, పొయ్యి ఏదీ?" అన్నాడు.

అప్పుడు చూశాను. గట్టు మీద పొయ్యి లేదు. గోడకు పాత మసి మరక మాత్రం ఉంది. పొయ్యి వెనక వరండాలో, రేకు పెట్టె మీద ఉంది.

"ఈమెనే చెప్పింది కదా సార్, కప్పు కచ్చగ ఉంది, దాని కింద నిలబడకు అని" అంది ఖాలా. "అప్పటి సంది బయటనే వండుతున్న. వానకాలం జర తక్లీఫ్ అయితది, గంతే."

నేరం మోపుతున్నట్టు చెప్పలేదు, వాన పడిందని చెప్పినట్టే చెప్పింది. ఆ మాట నేను ఎప్పుడో పోతూ పోతూ అన్నాను, గడప దాటగానే మరిచిపోయాను. ఆమె దాదాపు మూడేళ్లు దాన్ని పాటించింది. అంత సిగ్గు నేను ఏ ఆఫీసులోనూ పడలేదు.

సైరన్ మోగింది. ముగ్గురం గుమ్మం ఇవతలికి వచ్చాం. నేల గుడుగుడుమంది, గిన్నెలు కదిలాయి. వంటింటి కప్పు నుంచి సున్నం పొడి, దాని వెనకే గోరంత పెచ్చు, సరిగ్గా పాత పొయ్యి చోట పడ్డాయి.

"ఇది ఎవరి పని?" అన్నాడు.

"నాదే సార్. బ్లాస్టింగ్ వేళ ఆపలేదు. ముందు గది మళ్ల చేసిన, ఇది చెయ్యలేదు."

"ఇది చూపిస్తే నేను దీని మీద కూడా రాయాలి. తెలుసా మీకు?"

"రాయున్రి. కాని రెండూ రాయున్రి."

ఆయన చేతిలోని ఫైలు మూసేశాడు. "ముందు ఇది బాగుచేయండి. తర్వాత చూస్తాను."

ఆ సాయంత్రమే కప్పు మొత్తం రాల్చాను. స్లాబుకు ఉలితో గాట్లు పెట్టి, కడిగి, మర్నాడు పొద్దున్నే ప్లాస్టరింగ్ మొదలుపెట్టాను. మా వాళ్లు మాలు కలిపి అందించారు, తాపీ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. బ్లాస్టింగ్‌కు రెండు గంటల ముందే అయిపోయింది. తాపీ కడిగి కింద పెట్టి, ఖాలా వాళ్ల వరండాలో కూర్చొని సద్ది తిన్నాను. తర్వాత రోజూ రెండు పూటలా పోయి నీళ్లు కొట్టాను.

గడువుకు ఒక రోజు ముందు ఇంజినీరు ఒక్కడే వచ్చాడు, మళ్లీ బ్లాస్టింగ్ వేళకే. ఈసారి తొందరపడలేదు. వరండాలో కూర్చొని ఖాలా ఇచ్చిన చాయ్ తాగాడు. బ్లాస్టింగ్ అయ్యాక నా దగ్గర తాపీ తీసుకొని కప్పంతా, ఈ మూల నుంచి ఆ మూల దాకా కొట్టాడు. నేను చెప్పకుండానే బాపు పద్ధతిలో కొట్టాడు. తర్వాత సైటు పుస్తకంలో పాత రాత కొట్టేసి, బ్లాస్టింగ్ వేళ పని ఆపడం సరైనదేనని రాశాడు. పాత పనిలో లోపాన్ని కాంట్రాక్టరే చూపించి సరిచేశారని దాని కిందే రాశాడు. రెండూ రాశాడు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు.

మర్నాడు రెన్యువల్ అయింది. గుమస్తా ఈసారి నా వెనక్కి చూడలేదు. "రా అక్కా, కూసో" అన్నాడు. ముద్ర పడిన కాగితం చేతికి రాగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడుగురికీ పేరుపేరునా ఫోను చేసి చెప్పాను.

అక్కడి నుంచి జిలేబీ కట్టించుకొని ఖాలా ఇంటికి పోయాను. స్కూటీ ఆ వీధిలోకే తిప్పాను. వరండాలో రేకు పెట్టె ఒక్కటే ఉంది. పొయ్యి లోపలికి వచ్చింది, పాత మసి మరక ముందు, తన చోట. పప్పు ఉడుకుతోంది. "కూసో బేటీ" అని ఆమె గరిటె తిప్పుతూనే ఉంది.

సైరన్ మోగింది. నేను కప్పు వంక చూశాను. నేల గుడుగుడుమంది, గొళ్లెం ఆడింది, గిన్నెలు మోగాయి. ఖాలా గరిటెతో కాస్త పప్పు అరచేతిలో వేసుకొని ఉప్పు చూసుకుంది. తల పైకెత్తలేదు.