జామాయిల్ తోట నుంచి వచ్చే చైన్లు

నాన్న చనిపోయిన ఏడాదే నేను చాంద్రాయణగుట్టలో ఒక షెడ్డులో పనికి కుదిరాను. నాన్న సర్కారు కార్ఖానాలో ఫిట్టర్. నన్ను పట్టుబట్టి ఐటీఐలో చేర్పించింది ఆయనే. మాదన్నపేటలో ఆయన వదిలి వెళ్లిన రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. నా పెళ్లి ఊసు చర్చిలో పెద్దవాళ్లు కూడా ఎప్పుడో మానేశారు.

షెడ్డు యజమాని పక్కనున్న బార్కస్ బస్తీ మనిషి. చెట్లు నరికే యంత్రం ఒకటి కొని, గోదావరి అవతల జామాయిల్ తోటల్లో కాంట్రాక్టుకు తిప్పేవాడు. పొక్లెయిన్ చేతికి బకెట్ తీసేసి, దాని చోట బిగించే ఇనుప తల అది. కాండాన్ని వాటేసుకుని, అడుగున ఉన్న రంపంతో కోసి, కొమ్మలు గీకి, ముక్కలు చేసి పడేస్తుంది. ఆ తలను నేను చూసింది ఒక్కసారే, కొత్తగా తెచ్చినప్పుడు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చేవి దాని రంపం సామాన్లే. పళ్ల చైన్లు, ఆ చైన్ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ. ఆ పట్టీని బార్ అంటాం. మొద్దుబారిన చైన్లు బస్సు పార్శిల్లో ఇమ్లీబన్ బస్టాండుకు వచ్చేవి. పదును పెట్టి తిరిగి పంపేదాన్ని.

యజమాని పొద్దున వచ్చి, "సలాం బేటీ, సబ్ ఠీక్?" అని అడిగి పోయేవాడు. పక్కన వెల్డింగ్ దుకాణాల్లో మగవాళ్లు మంచివాళ్లే గానీ, వాళ్ల మధ్య కూర్చుని చాయ్ తాగే చనువు నాకు లేదు. గ్రైండర్ నడుస్తున్నంతసేపు ఏమీ అనిపించేది కాదు. ఆపితేనే కష్టం.

ఒక సాయంత్రం ఫోన్ మోగింది. యంత్రం నడిపే ఆపరేటర్.

"చెల్లే, రంపం కుడిదిక్కు గుంజుతుంది. ఏందిది?"

"చైన్ మార్చినప్పుడు బార్ తిప్పి ఏసినవా అన్నా? మీదిది కిందికి రావాలె. లేకుంటే ఒక్క దిక్కే అరుగుతది."

"తిప్పలే."

"తిప్పు. అంచులకు ఇనుప పొర లేస్తది, దాన్ని గూడ ఆకురాయితోని తియ్యి. నూనె వచ్చే సందుల పొట్టు ఇరికిందేమో చూడు."

మర్నాడు మళ్లీ చేశాడు. "సక్కగ కోస్తుంది చెల్లే. మస్తు."

అప్పటి నుంచి రోజూ చేసేవాడు. పని మాట అయిపోయినా ఆయన ఫోన్ పెట్టేవాడు కాదు, నేనూ పెట్టేదాన్ని కాదు. తోటలో ఆయనా, వాచ్‌మనూ తప్ప ఎవరూ ఉండరట. ఆ వాచ్‌మన్ చీకటి పడకముందే పడుకుంటాడట. "ఇక్కడ పిట్ట గూడ అరవది చెల్లే," అన్నాడొకసారి. "ఇక్కడ బస్సులు అరుస్తయి," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆయన రోజు ఎలా గడిచిందో చైన్ చూస్తే నాకు తెలిసేది. పళ్ల కొసలు తెల్లగా మెరుస్తుంటే రంపం మన్ను తాకిందని. ఇనుము నీలంగా కమిలితే నూనె అందక కాలిందని. ఆయన చెయ్యి నిదానం. ఆయన పంపిన చైన్లు చాలావరకు రెండు వైపులా సమానంగా అరిగి ఉండేవి.

అందుకే ఆ పార్శిల్ విప్పినప్పుడు ఇది ఆయన పనేనా అనిపించింది. తెగిన చైన్‌కు ఎక్కడిదో పాత లంకె వేసి, సుత్తితో కొట్టి అతికించాడు. వెంటనే ఫోన్ చేశాను.

"ఏంది అన్నా ఇది? నువ్వేనా అతికిచ్చింది?"

"కొత్త చైన్ రాకపాయె. పని ఆగుతదని..."

"ఆగనియ్యి! అంత స్పీడ్ల గది తెగితే తునక తూటా లెక్క వస్తది. నీ ముంగట ఉన్న అద్దం ఏం ఆపుతది? పాణం మీదికి తెచ్చుకుంటవా?"

"గింత లొల్లి నా మీద ఎవ్వలు చెయ్యలే చెల్లే," అన్నాడు. చేత్తో కళ్లు తుడుచుకున్నాను. చైన్ సంగతికి ఏడుస్తున్నానేమిటని నా మీద నాకే కోపం వచ్చింది.

తర్వాత కొంతకాలానికి ఫోన్లు ఆగిపోయాయి. చేస్తే స్విచ్ ఆఫ్. పార్శిల్ మాత్రం వచ్చింది. చైన్లు నీలంగా కాలి ఉన్నాయి, రాయి తగిలి పళ్లు విరిగాయి. ఇది ఆయన చెయ్యి కాదు. తెగిన తునక ఆయనకు తగిలినట్టే కళ్ల ముందు కనిపించింది. యజమానిని అడిగితే, "కామ్ ఛోడ్ దియా బేటీ, కొత్త మనిషిని పెట్టినం," అన్నాడు. ఎందుకు మానేశాడో చెప్పలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, చేతి సంచీతో ఒకాయన గేటు దగ్గర నిలబడ్డాడు. పొట్టిగా, ఇస్త్రీ చొక్కాలో. నేను ఊహించుకున్న మనిషి చాలా పొడగరి.

"చెల్లే, నేనే."

గొంతు విన్నాకే గుర్తుపట్టాను. "ఏమైంది అన్నా? ఫోన్ ఎందుకు కలుస్తలేదు?"

"ఫోన్ యంత్రం కింద పడి నుజ్జయింది. నడుము పోయింది చెల్లే. కూసుండి ఊగే పని బంద్ చెయ్యమన్నడు డాక్టర్. జగిత్యాల పోతున్న, అక్క దగ్గరికి. బావకు కిరాణం ఉంది."

చాయ్ తెచ్చాను. గోడకు వేలాడే చైన్లు చూశాడు. ఒకదాని పన్ను మీద వేలు పెట్టి, "నీ పదును ఎప్పుడు ఒక్కతీరే ఉంటుండె," అన్నాడు. తిన్నావా అని నేనడిగాను. తిన్న, నువ్వు తిన్నవా అని ఆయనడిగాడు. ఇంకేం మిగల్లేదు. కొత్త నంబర్ చెప్పి బస్సుకు పోయాడు. ఉండమని అనాలనిపించింది. ఉండి ఏం చేస్తాడు?

కొత్త ఆపరేటర్‌కు ఫోన్ చేసి బార్ తిప్పే సంగతి చెప్పాను. "సరే మేడమ్," అని పెట్టేశాడు. ఇప్పుడు కాస్త మెరుగ్గానే నడుపుతున్నాడు.

జగిత్యాల నుంచి ఫోన్లు రోజూ రావు. దుకాణంలో గిరాకీ ఉంటుంది, మా మధ్య చైన్ మాట లేదు. మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఊరికే మంచం మీద కూర్చున్నప్పుడు చేశాడు.

"ఏం కూర చెల్లే?"

పొయ్యి వెలిగించనే లేదు. "బెండకాయ," అన్నాను.

"మంచిగ తిను," అన్నాడు.

ఫోన్ పెట్టేసి, చెప్పులు వేసుకుని, మాదన్నపేట మార్కెట్‌కు పోయి లేత బెండకాయలు ఏరి తెచ్చుకున్నాను.