మిరప కొట్లో కొత్త కంప్యూటర్

నల్లపాడు స్టేషన్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే రెబ్కా, మిరప కొట్టు నుంచి వచ్చిన ఏ పెట్టెనైనా ముక్కుకు తడిగుడ్డ కట్టుకున్నాకే విప్పుతుంది. లోపల ఫ్యానుకు ఎర్రటి ఘాటు దుమ్ము పేరుకుని ఉంటుంది మరి.

కమిషన్ వ్యాపారి నాగేంద్రబాబు కంప్యూటర్ ఆ దుమ్ముతోనే కాలిపోయింది. కొత్తది రెబ్కాయే ఏరికోరి కొనిపించింది. పెద్ద ఫ్యాను, దుమ్మును ఆపే జాలీ ఉన్నది. వారం తిరక్కుండానే ఫోనొచ్చింది.

"ఏం కొనిపించావమ్మా? మాటిమాటికీ ఆగిపోతోంది!"

రెబ్కాకు ఒళ్ళు మండింది. తన ఎంపికకు వంకపెడితే ఆమె ఊరుకోదు. వెంటనే బండేసుకుని అతని కొట్టుకు వెళ్ళింది.

కళ్లంలో మిరపకాయల మీద కప్పే టార్పాలిన్ పట్టాను కంప్యూటర్‌కు నిండా చుట్టి, పురికొసతో బిగించి ఉంది. లోపల అది కుంపటిలా కాగుతోంది.

"ఇదేంటండీ?"

"దుమ్ము పడేగా పాతది పోయింది? ఈసారి నలుసు కూడా పోకుండా కప్పా."

"పట్టా కప్పి వదిలేస్తే కాయలు ఉడికిపోతాయని మీకు తెలీదా? దీనిక్కూడా గాలాడాలండీ! దుమ్ము సంగతి నాకొదిలేయండి, నెలనెలా వచ్చి దులుపుతా."

పట్టా విప్పేసింది. కంప్యూటర్ మళ్ళీ ఆగలేదు.

నెల తర్వాత దులపడానికి వెళ్ళేసరికి పట్టా ప్రింటర్‌కు చుట్టి ఉంది. అదే పురికొస, అదే ముడి.