యాదమ్మత్తకు ఆఖరిసారి కారం నూడుల్స్ వండింది నేనే

నిన్న పొద్దున ఆఫీసుకు వెళ్తూ పటాన్‌చెరులో బస్సు ఎక్కబోతుంటే యాదమ్మత్త కొడుకు శ్రీనుబావ ఫోన్.

"అమ్మ పోయింది."

మెట్టు మీద ఒక కాలు, కింద ఒక కాలు. వెనకనుంచి ఎవరో తోశారు.

బావ ఇంకో మాట కూడా అన్నాడు.

"ఇగ సల్లగుందా నీకు?"

మా ఇంట్లో నా గురించి ఒపీనియన్ ఎప్పుడో ఫిక్స్ అయిపోయింది. ఎక్కువ చదివింది, మనసు లేదు. నిన్న నాకు ఏడుపు రాకపోవడం దానికి ప్రూఫ్. "కారం నూడుల్స్ పెట్టి సంపింది" అని మా పెద్దమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పింది. ఎదురింటివాళ్లు పంపిన టీ అప్పుడు నేనే పోస్తున్నాను. నాకు వినపడాలనే చెప్పింది.

అందుకే జరిగింది నేనే రాస్తున్నాను.

యాదమ్మత్త మా నాన్న చెల్లెలు. మా పక్కిల్లే. పాశమైలారంలో ఒక నూడుల్స్ కంపెనీలో పద్దెనిమిదేళ్లు ప్యాకింగ్ చేసింది. విరిగిన ముక్కలు వర్కర్లకు చవగ్గా ఇచ్చేవారు. సంచి నిండా తెచ్చేది.

ప్యాకెట్ మసాలా మాత్రం ముట్టేది కాదు.

"గది పౌడర్ డబ్బా వాసనొస్తదే" అనేది.

ఎండుమిరపకాయలు, ధనియాలు, ఎల్లిపాయలు వేయించి రోట్లో దంచేది. ఉల్లిగడ్డలు అంచులు నల్లబడేదాకా వేయించి, ఆ కారం వేసి, నీళ్లు తక్కువ పోసేది. మూత పెట్టేది కాదు. గల్లీ అంతా దగ్గేది. ఆమెకు అదే సరదా.

మంచి మనిషి అని రాయను. "గీ పిల్ల అడుగంటిన నూడుల్స్ లెక్క ఉంటది" అని చుట్టాల ముందు నా రంగు మీద జోకులేసేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు.

ఎండాకాలంలో ఆమె కడుపులో గడ్డ అని తేలింది. ఇంటికి తీసుకెళ్లండి, ఇక చేసేదేం లేదు అన్నాడు డాక్టర్. ఇంట్లో అందరూ కూర్చుని డిసైడ్ చేశారు. అత్తకు చెప్పొద్దు. అల్సర్ అందాం.

అల్సర్ కాబట్టి ఉప్పులేని గంజి. ఆ అబద్ధం నిలబడటానికి నాలుగు నెలలు ఆమె నోట్లో గంజే పోశారు.

"కారం ఎప్పుడు తినాల్రా శ్రీనూ?"

"వచ్చే నెలనే అమ్మా."

ప్రతి నెలా అదే జవాబు.

పది రోజుల కింద నన్ను కాపలా పెట్టి అందరూ పెళ్లికి పోయారు. అత్త నూడుల్స్ అడిగింది. వండాను, అచ్చం ఆమె పద్ధతిలో.

ప్లేటు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

"గింత కారం ఏసినవ్. ఎవ్వలద్దనలేదా?"

"ఎవ్వలకు జెప్పలే."

"అంటే నేనిగ బాగైతలేనన్నట్టు."

ఛీ, అదేం లేదత్తా అనొచ్చు. అనలేదు.

"అవునత్తా. అల్సర్ గాదు, గడ్డ. మందు లేదన్నరు."

"ఎన్నొద్దులు?"

"నెల గూడ కష్టమన్నరు."

రెండుసార్లు నోట్లో పెట్టుకుంది. రెండోది కక్కేసింది.

"ఉప్పేసుడు గూడ రాదు. బీటెక్ ఎట్ల పాసైనవే?" అని గోడవైపు తిరిగింది.

మళ్లీ నాతో మాట్లాడలేదు. నేను వస్తే మొహం మీదికి కొంగు లాక్కునేది. మిగతావాళ్లను మాత్రం ఒక్కొక్కరినే పిలిపించుకుని ఇరవై ఏళ్ల కోపాలన్నీ తీర్చుకుంది. బావకు ఒక పూట, పెద్దమ్మకు రెండు పూటలు. నాకు ఆ తిట్లు కూడా దక్కలేదు.

ప్రశాంతంగా ఏం పోలేదు. భయపడింది, ఏడ్చింది. అది నావల్లే. తెలుసు.

ఇవాళ పొద్దున బావ ఫ్యామిలీ గ్రూప్‌లో మెసేజ్ పెట్టాడు. పదో రోజు చుట్టాలందరి ముందు, నేను అత్త ఫోటోకు దండం పెట్టి తప్పయిందని చెప్పాలట.

అత్తా, పోయిరా. ఇప్పుడైనా నీ కడుపు చల్లగా ఉండాలి. అక్కడ నిన్నెవరూ చిన్నపిల్లలా మభ్యపెట్టకూడదు.

బావా, పదో రోజు వస్తాను. వడ్డన చేస్తాను. తప్పయిందని చెప్పను.