ఉత్త డబ్బా వాపస్ ఇయ్యద్దు

పొద్దున కాలేజీకి బయలుదేరుతుంటే నిర్మల్ నుంచి మా బాపు ఫోన్ చేశాడు. "బిడ్డా, అత్త లేస్తలేదు" అన్నాడు. మా మేనత్త, బాపుకు అక్క, నిద్రలోనే పోయింది. గుండె ఆగిందన్నారు. కరీంనగర్‌లో బస్సెక్కి నేను ఇల్లు చేరేసరికి వాకిట్లో టెంటు పడింది, కుర్చీలు పడ్డాయి, చుట్టాలు అప్పుడే తీర్పు కూడా చెప్పేశారు.

"గోళీలు సక్కగ ఏసుకోకపాయె. ఎగ్గొడితే గిట్లనే ఐతది" అన్నాడు వరుసకు పెద్దబాపు అయ్యే ఒకాయన. పక్కనున్నామె అందుకుంది: "పోనీ తియ్యి. దాని పరేషాన్ తీరింది."

శవం ముందర నోరు చేసుకోవద్దని బాపు కళ్లతోనే వారించాడు కాబట్టి ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను. మా అత్త మందు గోళీలు ఎగ్గొట్టిన మాట నిజమే. ఎందుకు ఎగ్గొట్టిందో చెప్పకుండా ఆ ఒక్క ముక్క పట్టుకుని ఊరేగేవాళ్లకు ఇది చదివి వినిపించండి.

మాది బొమ్మలు చేసే ఇల్లు. బాపు పొనికి కట్టె చెక్కితే, పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన అత్త రంగులు వేసేది. రంగులన్నీ ఆరాక ఆఖరున కళ్లు. కళ్లు వేసే చెయ్యి మా ఇంట్లో ఆమెది ఒక్కటే. "కండ్లు పడేదాక అది కట్టెనే. కండ్లు పడ్డయంటె ఇగ అది మనల్ని చూస్తది, జర ఇజ్జత్‌తోని పట్టుకోవాలె" అనేది. ఊపిరి బిగబట్టి రెండు కళ్లూ వేసి, బొమ్మ మొహం మీద ఫూ అని ఊదేది. చిన్నప్పుడు ఆమె పక్కన కూర్చుని నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని. రెండో కన్ను దాకా ఎన్నడూ ఆగలేకపోయాను.

నడివయసులో ఆమెకు మాటలు వినపడటం మొదలైంది. "గోడవతలోళ్లు తిడుతున్నరు" అనేది. పాపం, నిజంగానే గోడవతల ఉండే ఖాలమ్మ అది విని పరుగున వచ్చి, "అల్లా కసమ్, మేము ఒక్క మాట అనలే" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. "మీరు గాదు ఆపా, గా గోడ వేరే" అని అత్తే ఆమెను ఓదార్చి చాయ్ తాగించి పంపింది. ఆ గోడ ఎక్కడుందో మాకెవరికీ తెలియదు. అవతలివాళ్లు మాత్రం పగలూ రాత్రీ ఆమెను పనికిమాలినదానివనేవాళ్లు. రంగులో విషం కలిపారని భయపెట్టేవాళ్లు. వేములవాడ రాజన్న గుడికి పోయి కోడె మొక్కు చెల్లించుకున్నాం. తిరుగు బస్సులో అత్త నా చెవిలో, "రాజన్నకు నా మీద కోపం లేదే కోడలా. గోడవతలోళ్లకే ఉన్నది" అంది. ఆ తర్వాతే పట్టుబట్టి కరీంనగర్ తీసుకొచ్చి మానసిక వైద్యుడికి చూపించాను.

నేను ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పే టీచర్ని. క్లాసులో చెప్పేదే మీకూ చెప్తాను. మెదడులో డోపమైన్ అనే రసాయనం వచ్చి కూర్చునే చోట్లుంటాయి, వాటినే రిసెప్టర్లంటాం. అత్తకిచ్చిన పాత మందు ఆ చోట్లకు అడ్డంగా కూర్చుంటుంది. దాంతో లేని గొంతులు తగ్గుతాయి. అయితే చేతిని నిలకడగా ఉంచడానికి కూడా ఆ రసాయనమే కావాలి. మందుకు ఆ చోటూ ఈ చోటూ అన్న తేడా లేదు. గోడవతలివాళ్లు సణుగుడులోకి దిగారు, అత్త చేతులు వణకడం మొదలుపెట్టాయి. అందరికీ అలా కాదు, ఆమెకు అయింది. వణుకు తగ్గడానికని ఇంకో గోళీ ఇస్తే నోరెండిపోయి తిండి సయించేది కాదు.

"గీ మందు పెద్ద కుంచె కోడలా. ముక్కుకు రంగెయ్యమంటె మొకమంత పూస్తది. సన్న కుంచె లేదా మీ తాన?" అని అడిగింది.

లేదని చెప్పాను, అప్పటికి నిజంగానే లేదు. బాపు ఆమెను కళ్ల పని నుంచి తప్పించి, రంగుకు ముందు చెక్క మీద చింతగింజల లపం పూసే పనిలో కూర్చోబెట్టాడు. కళ్లు లేని చిలక బొమ్మలు అరల్లో పేరుకుపోయాయి.

సన్న కుంచె వచ్చింది. ఒక పెద్ద ఆస్పత్రిలో కొత్త మందును పరీక్షిస్తున్నారని డాక్టరు చెప్తే నేనే తీసుకెళ్లాను. అది డోపమైన్ చోట్ల జోలికి పోకుండా వేరే రిసెప్టర్‌ను పట్టుకుని పనిచేసే మందు. అడగాల్సినవన్నీ అడిగి, తెలిసే ఒప్పుకున్నాం. అక్కడ ఒక రూలుంది. ఇచ్చిన మందు డబ్బా, అందులో మిగిలిన గోళీలు, మళ్లీ వచ్చినప్పుడు తెచ్చి అప్పజెప్పాలి. మొదటిసారి అత్త ఇచ్చిన డబ్బా మూత తీసి, మందులిచ్చే అమ్మాయి నెత్తి పట్టుకుంది. లోపల బెల్లం ముక్క. మిగిలిన గోళీలు దానికి అంటుకుని ఉన్నాయి.

"ఇదేందమ్మా?"

"ఉత్త డబ్బా వాపస్ ఇయ్యద్దు బిడ్డా. మా ఇండ్లల్ల ఎవలూ ఇయ్యరు" అంది అత్త.

ఇరుగుపొరుగు కూర పంపిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపని ఇల్లు మాది. ఇంకేం లేకుంటే చిటికెడు చక్కెరైనా వేసి పంపుతుంది అత్త. అంత పెద్ద ఆస్పత్రి డబ్బా అయితే మాత్రం ఆ పద్ధతి ఎలా తప్పుతుంది? ఆ అమ్మాయి మందలించింది, డాక్టరు నవ్వుతూనే గట్టిగా చెప్పాడు. తర్వాతిసారి నుంచి గోళీలు వేరే కాగితంలో పొట్లం కట్టేది, బెల్లం మాత్రం మానలేదు. మందుల అల్మారాకు చీమలు పట్టాయని ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసి మొరపెట్టుకుంది. అత్తకు చెప్తే, "రూలు వాళ్లది, రివాజు మనది. చీమలకు నేనేం చెప్పాలె?" అంది.

గోడవతలివాళ్లు మెల్లగా ఊరు విడిచి పోయారు. వణుకూ పోయింది. ఒక మధ్యాహ్నం బాపు ఒక చిలకను, సన్న కుంచెను ఆమె ముందు పెట్టి పెరట్లోకి వెళ్లిపోయాడు. అత్త కుంచెను నల్లరంగులో ముంచి, ఊపిరి బిగబట్టి, రెండు కళ్లూ వేసి ఫూ అని ఊదింది. "తమ్మీ, ఎక్కడ పోయినవ్? ఇంకోటి తే" అని కేకేసింది. బాపు బాయి దగ్గర మొహం కడుక్కుంటూ ఉన్నాడు. ఎంతసేపటికీ ఆ కడుక్కోవడం అయిపోలేదు. ఆ ఏడాది మా ఇంట్లో కళ్లు లేని చిలక ఒక్కటి కూడా మిగల్లేదు.

తర్వాత ఒకసారి ఆస్పత్రికి వెళ్తే, గోళీలన్నీ ఇచ్చేయమన్నారు. పరీక్ష ఆపేశారట.

"మంచిగ పనిచేస్తలేదా సారూ?" అని అడిగింది అత్త.

"పనిచేస్తుందమ్మా. కంపెనీ ఆపేసింది. వాళ్లకు వేరే మందులు ముఖ్యమయ్యాయి."

"నా తలకాయ మీదికెల్లే గద సారూ, పనిచేస్తదని మీకు ఎరుకైంది?"

డాక్టరు ఆమె సంతకం పెట్టిన కాగితాలు తీశాడు. పరీక్ష ముగిశాక మందు ఇస్తామని ఎక్కడా రాయలేదని, సంతకం పెట్టేటప్పుడే అది చెప్పామని అన్నాడు. చెప్పారు, నిజమే. ఇల్లు కాలుతున్నవాడికి బిందెడు నీళ్లిస్తూ రెండో బిందె మాది కాదని ముందే చెప్పడం లాంటిదది. మందులు మధ్యలో ఆగిపోవడం నాకు కొత్త కాదు. వచ్చేవాటికంటే ఆగిపోయేవే ఎక్కువని క్లాసులో పిల్లలకు నేనే చెప్తాను. పనిచేయకపోతే ఆపాలి, ప్రాణం మీదికి తెస్తే ఆ క్షణమే ఆపాలి. పనిచేస్తున్న మందును, పనిచేస్తున్న మనిషి చేతిలోంచి లాక్కునే హక్కు వీళ్లకెవరిచ్చారు? లాభం సన్నగా ఉందని సన్న కుంచెను విరిచేస్తారా? ఇదే మాట ఉత్తరాలు రాసి అడిగాను. మర్యాదగా జవాబులు వచ్చాయి, మందు రాలేదు.

ఆ ఆఖరి డబ్బాను అత్త ఆస్పత్రి నల్లా కింద కడిగింది. కొంగుతో లోపలంతా తుడిచి, మూత బిగించి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. ఆ అమ్మాయి అలవాటుగా మూత తీసి చూసింది. లోపల ఏమీ లేదు. "అమ్మా..." అంది. అత్త చెప్పులేసుకుంది. ఉత్త డబ్బా వాపస్ ఇవ్వడం ఆమె బతుకులో అదొక్కసారే.

మళ్లీ పాత మందు, మళ్లీ వణుకు. కొత్తవని ఇంకో రెండు రకాలు మార్చి చూశారు, ఏదీ ఆ ఒక్క మందు కాలేకపోయింది. అప్పుడు అత్త తన దారి తాను చూసుకుంది. కళ్ల పని దగ్గరపడిందంటే కొన్నాళ్ల ముందే గోళీలు ఆపేసేది. చేతులు కొంచెం నిలిచేవి, వాటితో పాటే గోడవతలివాళ్లూ దిగేవాళ్లు. బాపు తలుపు దగ్గర నిలబడి వినేవాడు. లోపల అత్త చిలకను ఒళ్లో పెట్టుకుని వాళ్లను బతిమాలుకునేది: "జర ఆగుండ్రి. గీ ఒక్క కన్ను కానియ్యిండ్రి. గాయెంక తిట్టుండ్రి." కళ్లయ్యాక మళ్లీ గోళీలు మింగి, వణుకుతూ లపం పూసేది. అది ఎగ్గొట్టడమని చుట్టాలు, రోగి మాట వినదని డాక్టరు. ఆమె ఏం అడిగింది? కుదురైన చెయ్యి, నెమ్మదైన తల, రెండూ ఒక్కసారి కావాలంది. అవి రెండూ మనందరికీ పుట్టుకతోనే వచ్చాయి కాబట్టి మన నోళ్లు ఇంత బాగా ఆడతాయి.

దినాలు ఇంకా కాకముందే ఆస్పత్రి నుంచి నాకు ఫోన్ వచ్చింది. పాత అమ్మాయి కాదు, కొత్త గొంతు. ఆ మందును ఇంకో కంపెనీ కొనుక్కుందట. అప్పట్లో వాడినవాళ్లు ఇప్పుడెలా ఉన్నారో తెలుసుకుంటున్నారట. పేషెంటును ఒకసారి రక్తపరీక్షకు తీసుకురాగలరా అంది.

"ఆమె పోయింది" అన్నాను.

"సారీ మేడమ్. కారణం ఏమని రాసుకోమంటారు?"

"గుండె ఆగింది. దాని కింద ఇంకో మాట రాయండి."

"చెప్పండి."

"మందు పనిచేసింది."

"అది రాయడానికి ఇక్కడ గడి లేదు మేడమ్" అంది. ఆ పిల్లను తిట్టి లాభం లేదు. ఫోన్ పెట్టేశాను.

ఆ రోజు ఖాలమ్మ మాకు ఖిచిడీ పంపిన గిన్నె కడిగి బోర్లించి ఉంది. మైల ఇంటి నుంచి ఏమీ పెట్టి పంపొద్దని పెద్దవాళ్లు చెప్పారు. గిన్నె తుడిచి, అత్త బెల్లం డబ్బాలోంచి ఒక ముక్క తీసి అందులో వేసి, మూతపెట్టి గోడ మీద నుంచి అందించాను. ఖాలమ్మ మూత తీసి చూసింది. మళ్లీ మూసి, ఆ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని గోడవతల చాలాసేపు అలాగే నిలబడింది.