కళ్ళ ముందర మింగిన మాత్రలు

నా జబ్బు బయటపడిన రోజు నాకు బాగా గుర్తుంది. ఎందుకంటే ఆ రోజు నేను దాన్ని ద్రాక్షరసం మరక అనుకున్నాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, ఎండాకాలం. ఆళ్ళగడ్డలో మా క్రైస్తవుల గుడిలో నెలకొకసారి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, జరిగేది. నేను బడిపంతులును, సంఘంలో డీకన్‌ను కూడా. గిన్నె పట్టుకుని వరుస వెంబడి పోవడం, ఒక్కొక్కరు తాగాక అంచును తెల్లగుడ్డతో తుడవడం నా పని. ఆ ఆదివారం చివరి వరుస దగ్గర దగ్గు వచ్చింది. చేతిలోని గుడ్డనే నోటికి అడ్డం పెట్టుకున్నాను. తీసి చూస్తే ఎర్రటి చుక్క. పాస్టరమ్మ నల్లద్రాక్షతో కాచిన రసం అంటుకుని ఉంటుందనుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం నా భార్య ఎస్తేరు ఆ గుడ్డను ఉతుకుతూ పెరట్లోంచి పిలిచింది.

"ఇదో, ఈడికి రా. ద్రాక్షరసానికి సబ్బు తగిల్తే నీలంగా తిరుగుతాది. ఇది తిరగల్యా."

"అయితే ఏందీ?"

"ఏందో నాకేం తెల్సు? నీ నోట్లోంచి వచ్చింది. నీకే తెల్సాల."

నాకు తెలుసు. మూడు నెలలుగా పొద్దు వాలితే ఒళ్ళు వెచ్చబడుతోంది. తెల్లవారేసరికి చెమటకు చొక్కా తడిసిపోతోంది. అయినా "నిమ్ము చేసింది" అన్నాను. ఆ తర్వాత ఇంకో రెండు నెలలు గిన్నె పట్టుకుని ఆ వరుసల మధ్య నడిచాను. ఈ వాక్యం రాయడానికి నాకు పదేళ్ళు పట్టింది.

ఎందుకు దాచానో చెప్పాలంటే మా డీకన్ల పని ఎట్లా జరిగేదో చెప్పాలి. మేము నలుగురం. ఊళ్ళో మా సంఘం ఇళ్ళను నాలుగు వంతులు చేసుకుని, శుక్రవారం సాయంత్రం ఎవరి వంతు ఇళ్ళకు వాళ్ళం పోయేవాళ్ళం. ఎవరికి జ్వరం, ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదు, ఎవరు కాన్పుకు దగ్గరగా ఉన్నారు, ఇవన్నీ రాసుకుని శనివారం మీటింగులో చెప్పాలి. మా ఆడవాళ్ళు వంటకు బియ్యం పోసేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. దాన్ని పిడికిలి బియ్యం అంటారు. వారం వారం అది గుడికి చేరుతుంది. మేము చెప్పిన ఇళ్ళకు పోతుంది.

పద్ధతి మంచిదే, నేనే దాన్ని పాడు చేశాను. రోగుల కోసం మొదలుపెట్టిన నా నోటుబుక్కు రెండేళ్ళకు పోలీసు పుస్తకమైంది. ఎవరి ఇంట్లోకి పోయినా నా కళ్ళు ముందు గోడల మీద తిరిగేవి. దేవుడి పటం ఉన్న క్యాలెండరు కనబడుతుందా, సారా వాసన వస్తోందా, మంచం కోడుకు తాయెత్తేమైనా కట్టారా అని. మనిషి తర్వాత.

మార్తమ్మ అవ్వ నా వంతు ఇళ్ళలో ఉండేది. ఉబ్బసంతో మంచం పట్టింది. ఆమె ఏళ్ళ తరబడి చేనిపనికి పోయిన ఇంటి ఇల్లాలు మహానందికి పోయొచ్చి, అవ్వ మోచేతికి పైన, దండకు ఎర్రదారం కట్టింది. నేను చూశాను. "ఇదేంది మార్తమ్మా?" అన్నాను.

"ఆయమ్మ ప్రేమతో కట్టె నాయనా. తెంపేదెట్ల?" అంది.

నాలుగు వారాలు పోయాను, నాలుగుసార్లూ అదే మాట. మీటింగులో పెట్టాను. ఆమెకు బియ్యం ఆగింది. తప్పు ఒప్పుకునే దాకా బల్లకు దూరం పెట్టారు. ఆమె ఆ ఏడాదే పోయింది, బల్ల తీసుకోకుండానే.

ఇది జరిగిన మరుసటేడే నాకు రక్తం పడింది. నన్ను చూడ్డానికి వచ్చేవాళ్ళు నాలాగే చూస్తారని నాకు గట్టి నమ్మకం. అందుకే దాచాను.

రెండు నెలల తర్వాత బడిలో బోర్డు మీద రాస్తూ కూలబడ్డాను. ఎస్తేరు నన్ను బస్సెక్కించి నంద్యాల తీసుకుపోయింది. అక్కడి డాక్టరు స్టెతస్కోపు తీయకముందే నా చేతి వైపు చూశాడు. గడియారం మణికట్టు నుంచి మోచేతి దాకా జారి ఉంది.

"ఈ గడియారం ఎప్పటినుంచి వదులైంది?" అన్నాడు.

నేను ఆ సంగతే గమనించలేదు. ఎస్తేరు చెప్పింది, పట్టీకి రెండు రంధ్రాలు తానే పొడిచిందని.

ఎక్స్‌రే తీశారు. స్పుటమ్, అంటే కఫం, మూడు పూటలు పట్టి పరీక్ష చేశారు. "రైట్ అప్పర్ లోబ్‌లో కావిటీ ఉంది. కుడి ఊపిరితిత్తి పైన బొక్క పడింది. స్పుటమ్ పాజిటివ్. టీబీ. పద్దెనిమిది నెలలు మందు వాడాల. పదిహేడు నెలలు వాడి మానేస్తే వాడనట్టే," అన్నాడు.

"సార్, ఒక గిన్నెలో నలుగురు తాగితే వస్తాదా?" అని అడిగాను.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. "గిన్నె సంగతి తర్వాత. మనుషుల మొహం మీద దగ్గినారా లేదా?"

నేను గడియారాన్ని మళ్ళీ మణికట్టుకు లాక్కున్నాను. ఆయన రాసుకున్నాడు.

మొదటి రెండు నెలలు ఆళ్ళగడ్డ ఆస్పత్రిలో రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్. ఒకరోజు కుడి తుంటికి, ఒకరోజు ఎడమ తుంటికి. కూర్చుని భోంచేయలేకపోయేవాణ్ణి. చెవిలో కీచురాయి దూరినట్టు ఒకటే రొద. దాంతోపాటు ఐ.ఎన్.హెచ్. మాత్రలు. బడికి సెలవు పెట్టాను. నా నోటుబుక్కు, నా వంతు ఇళ్ళు దానియేలు అనే ఇంకో డీకన్‌కు ఇచ్చారు. ఆయన సొంత పని మీద నెలకొకసారి నంద్యాల పోయేవాడు. నా మాత్రలు ఆయనే తెచ్చేవాడు.

అక్కడ మొదలైంది నా అసలు రోగం. నా పుస్తకంలో ఇప్పుడు నా గురించి దానియేలు ఏం రాస్తున్నాడు? నేను పోతే, నేను చూసే సంఘ కార్యదర్శి పని ఆయనకే కదా? ఐదో నెలలో తెచ్చిన మాత్రలు తెల్లగా లేవు, కొంచెం పచ్చగా ఉన్నాయి. అడిగాను.

"నాకేం తెల్సన్నా, వాళ్ళిచ్చింది తెచ్చినా," అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అప్పటికి జ్వరం తగ్గింది, ఒళ్ళు వచ్చింది, ఆకలి వేస్తోంది. ఇక ఈ అనుమానపు మాత్రలెందుకు అనుకున్నాను. ఎస్తేరు నీళ్ళ చెంబు ఇచ్చి పొయ్యి దగ్గరికి పోగానే, మాత్రలు సుద్దముక్కల పెట్టెలో వేసేవాణ్ణి. నాలుగు నెలలు అట్లా చేశాను.

అట్లా మానేసిన ఐదో నెలలో ఒక పొద్దున దోసెడు రక్తం పడింది. మళ్ళీ నంద్యాల. డాక్టరు రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన వెలుతురుకు పెట్టి చూశాడు.

"మాత్రలు రెగ్యులర్‌గా వేసుకున్నారా?"

"వేసుకున్నా సార్. రంగు మాత్రం మారింది."

"కంపెనీ మారింది, రంగు మారింది. మందు అదే. ఇంకోసారి అడుగుతాండా, వేసుకున్నారా?"

"వేసుకున్నా."

ఆయన పేపరు మీద కలం పెట్టి ఆగాడు. "మీరు చెప్పేదానికి, ఈ ఫిల్మ్‌కు పొంతన ల్యా. డ్రగ్ రెసిస్టెన్స్ వచ్చి రోగం మందుకు లొంగకుంటే నా దగ్గర మీకిచ్చేదానికి మందు ల్యా. అర్థమైతాండాదా?"

నెల రోజులు వార్డులో ఉంచారు. మందులు మార్చి, ఎథాంబ్యుటాల్ చేర్చి ఇంటికి పంపారు. మందుకు జబ్బు లొంగితే బతుకు, లేకుంటే లేదు. అది తెలిసి కూడా, మాత్రలు మళ్ళీ దానియేలు చేతి మీదుగానే వస్తాయని తెలియగానే నా మనసు సుద్దముక్కల పెట్టె వైపే పోయింది. నాలాంటి మూర్ఖులు ఇంకా ఉంటారనే ఇది రాస్తున్నాను.

ఈసారి ఒక కొత్త సంగతి జరిగింది. శుక్రవారం మాత్రమే రావాల్సిన వాళ్ళు రోజూ రావడం మొదలుపెట్టారు. పొద్దున నేను సద్ది తిని మాత్రలు వేసుకునే వేళకు సరిగ్గా ఎవరో ఒకరు వాకిట్లో చెప్పులు విప్పేవాళ్ళు. సోమవారం దానియేలు. మంగళవారం పాస్టరమ్మ. బేస్తవారం సుగుణమ్మ. ఈ సుగుణమ్మ మార్తమ్మ అవ్వ కూతురు, పిడికిలి బియ్యం సంచి మోసే మనిషి. వచ్చి కూర్చుంటారు, వానల గురించి మాట్లాడతారు, కళ్ళు మాత్రం నా మీదే. నేను మాత్రలు మింగి నీళ్ళు తాగాక లేచి పోతారు. వాళ్ళు కూర్చుంటే మింగక తప్పేది కాదు.

ఎందుకు వస్తున్నారు? ఏం రాసుకుంటున్నారు? రోజంతా ఇదే ఆలోచన. ఇంటికి వచ్చిన పిడికిలి బియ్యాన్ని కూడా అనుమానించాను. యాభై ఇళ్ళ బియ్యం ఒకే సంచిలో కలుస్తుంది. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి, కొన్ని నూకలు. వండితే సగం మెతుకులు జావ, సగం పలుకు. "నాకని ఏరి ఏరి చెడ్డవి పంపుతాండారు," అన్నాను.

ఎస్తేరు కంచం కింద పెట్టి, "ఇన్నేండ్లు పంచినావు కదా, ఒక్కనాడన్నా తిని చూసినావా? ఎప్పుడూ ఇట్లే ఉంటాయి," అంది.

ఒక బేస్తవారం సుగుణమ్మ నా దుప్పటి దులుపుతూ దిండు ఎత్తింది. దిండు కింద ఎర్రదారం ఉంది. అది అక్కడ ఉన్నట్టు నాకు అప్పటిదాకా తెలియదు. పక్కింటామె మహానంది నుంచి తెచ్చి ఇస్తే, నేను చచ్చిపోతానన్న భయంతో ఎస్తేరు తీసుకుని పెట్టింది. సుగుణమ్మ దాన్ని చూసింది. నేను ఆమె చూడటం చూశాను. ఆమె దిండును మళ్ళీ ఎట్లా ఉన్నదాన్ని అట్లా పెట్టి, దుప్పటి సర్ది, చెంబు అందించింది.

శనివారం మీటింగు. ఆదివారం పాస్టరు వచ్చి నన్ను బల్లకు దూరం పెట్టినట్టు చెబుతాడని ఎదురు చూశాను. రాలేదు. ఇంకో వారం గడిచింది. ఏమీ లేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది. మూడో బేస్తవారం ఆగలేకపోయాను.

"సుగుణా, నిజం చెప్పు. మీరంతా వంతులేసుకుని మా ఇంటికి ఎందుకు వస్తాండారు?"

"చూసేదానికి."

"ఏం చూసేదానికి?"

"మీరు మాత్ర మింగుతాండారో లేదో చూసేదానికి. ఇంకేం చూడాల సారూ, మీ అందమా?"

పొయ్యి దగ్గర ఎస్తేరు తల దించుకుంది. నేను వార్డులో ఉన్నప్పుడు ఇల్లు సర్దుతుంటే సుద్దముక్కల పెట్టె గలగలమందట. మూత తీసి చూసి, పెట్టె పట్టుకుని ఏడుస్తూ మీటింగుకు పోయిందట. ఆ మీటింగులోనే దానియేలు వంతులు వేశాడు.

"దిండు కింద దారం చూసినావు కదా. చెప్పినావా?"

"చూసినా. చెప్పల్యా."

"ఎందుకు?"

ఆమె చేతిలోని చెంబు కింద పెట్టింది. తర్వాత తన దండ మీద చెయ్యి పెట్టుకుని, "మీరు మొదటి వారం వచ్చినప్పుడు మా అమ్మకు దారం ఈడ ఉండె," అంది. ఆ చేతిని మోచేతి దాకా జరిపింది. "నాలుగో వారానికి ఈడికి జారె. మీరు నాలుగు వారాలూ దారమే చూసినారు సారూ. చెయ్యి చూడల్యా."

నంద్యాల డాక్టరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న గుర్తొచ్చింది. నేను ఏదో అనబోయాను. క్షమించమనే అనబోయాను.

"మీమింద కోపం పోయిందనుకోవద్దు," అంది ఆమె. "పోల్యా. ఈ పొద్దు నా వంతు, వచ్చినా. మింగండి, నాకు చేనికి పొద్దయితాంది."

మింగాను. ఆ రోజు నుంచి ఒక్క మాత్ర కూడా తప్పలేదు. ఏడాదిన్నర మందు అయ్యాక డాక్టరు స్పుటమ్ రిపోర్టు చదివి, "నెగటివ్. మూడు నెలలకొకసారి చూపించుకోండి," అని తర్వాతి పేషెంటును పిలిచాడు. నా భార్యాపిల్లలకు ఎక్స్‌రేలు తీశారు. దేవుడి దయ, ఏమీ లేదు. మీటింగులో నిలబడి గిన్నె సంగతి, మార్తమ్మ సంగతి నా నోటితోనే చెప్పాను. చివరి వరుసలో కూర్చునేవాళ్ళను కూడా ఎక్స్‌రేకు పంపమని అడిగాను. కొందరు పోయారు, కొందరు పోలేదు. పోనివాళ్ళలో ఎవరైనా దగ్గితే నాకు ఈనాటికీ గుండె జారుతుంది. నా నోటుబుక్కులో మార్తమ్మ పేజీ ఇప్పటికీ ఉంది. "కుడి దండ, ఎర్రదారం" అని నాలుగుసార్లు నా దస్తూరీ. ఆయాసం గురించి ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు నాకు కుడి చెవి సరిగా వినబడదు. మెట్లు ఎక్కితే ఆయాసం. బడికి పోతున్నాను. గిన్నె పట్టుకునే పని మళ్ళీ తీసుకోలేదు. శనివారం కూర్చుని పిడికిలి బియ్యంలో రాళ్ళు ఏరుతాను. పాతవి, కొత్తవి వేరు చేస్తాను. సుగుణమ్మ సంచి దించి, పని మాటేదైనా ఉంటే చెప్పి పోతుంది. అంతకు మించి నేనూ అడగను.

ఈ మందు వాడేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మాత్ర ఒంటరిగా మింగవద్దు. ఒళ్ళు బాగుపడ్డా సరే, ఆఖరి రోజు దాకా రోజూ ఇంకొకరి కళ్ళ ముందర మింగండి. ఆ మనిషి మీకు నచ్చినవాడు కాకపోయినా ఫర్వాలేదు.

మా డీకన్లు ఇప్పుడు టీబీ ఉన్న ఏ ఇంటికైనా పోతారు. మా సంఘమా కాదా అని చూడరు. నా వంతుకు దొర్నిపాడు దారిలో ఉండే ఓబులేసు అనే, గోడలు కట్టే బేల్దారి మేస్త్రీ వచ్చాడు. రోజూ పొద్దున బడికి పోయే ముందు ఆయన వాకిట్లో సైకిలు దిగుతాను. మొన్న ఆయనకు విసుగొచ్చింది.

"ఏం సారూ, దినమూ వచ్చి అట్ల నోట్లోకి చూస్తాండావు? నామింద నమ్మకం ల్యాదా?"

"ల్యాదప్పా," అన్నాను. "నామింద నాకే ల్యాకుండె. నోరు తెరువు."