ఈటె పట్టని మా అన్న

తెల్లదొరల కుంఫిణీ పటాలం మదురై దాటి వస్తోందని తెలియగానే, పాలెగారి మనుషులు ఇంటికొక మగవాణ్ణి పోరుకు పిలవడానికి మా ఊరొచ్చారు. మా అన్న గడప దగ్గరే నిలబడి, "చంపేదానికి నేను రాను సామీ. దెబ్బ తగిలినోళ్లను మోసేదానికయితే వస్తాను" అన్నాడు.

"ఎవురి పక్కోళ్లను?" అని వాళ్ల పెద్ద అడిగాడు.

"పడినోడు ఎవురైనా సరే."

వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అన్నను అక్కడే నరికేస్తారనుకున్నాం. ఆ పెద్ద "సరే, మోసేదానికే రా" అని మా ఎద్దులను విప్పించి, అన్నను కూడా తీసుకుపోయాడు. ఫిరంగి మోత వినబడినప్పుడల్లా నేనూ వదినా గడప దగ్గరికొచ్చి దారి చూసేవాళ్లం.

చివరికి అన్న దెబ్బ తగిలిన ఒక కుంఫిణీ సిపాయిని వీపున ఇంటికి మోసుకొచ్చి, "వీనికి నీళ్లియ్యి" అని వదినతో అన్నాడు. ఊళ్లో ఎవరైనా చూస్తారేమోనని వదిన తలుపు మూసి చెంబు అందించింది.