ముట్టుకోకుండా వదిలేసిన గడ్డ

నా చిన్నప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది మా తమ్ముడి కాలి చిటికెన వేలు. వాడికప్పుడు ఏడాదిన్నర, నాకు పదేళ్లు. పాలమూరు నుంచి వచ్చి కొండాపూర్‌లో రేకుల షెడ్డులో ఉండేవాళ్లం. అమ్మానాన్నలు హైటెక్ సిటీ దగ్గర పెద్ద బిల్డింగు కట్టే పనికి పోతే, వాడు పొద్దంతా నా చంకలోనే. ఆ వేలి మీద శనగగింజంత గడ్డ. ఎర్రగా, నున్నగా, గట్టిగా ఉండేది. నొప్పి లేదేమో, వాడు హాయిగా ఆడుకునేవాడు. పరేషాన్ అంతా మాకే.

ఒక ప్రైవేటు డాక్టరు దాన్ని కోసి తీసేశాడు. నాలుగు నెలలు తిరగకముందే అదే చోట మళ్లీ వచ్చింది, ఇంకాస్త పెద్దగా. రెండు బస్సులు మారి పెద్ద దవాఖానకు పోయాం. అక్కడి డాక్టరమ్మ కాగితాలు చదివి, వేలిని అటూ ఇటూ తిప్పి చూసింది. పసిపిల్లలకు ఎప్పుడో ఒకరికి వచ్చే గడ్డ ఇది, ప్రమాదం లేదు, కోస్తే మళ్లీ వస్తుంది, చాలావరకు దానంతట అదే కరుగుతుంది, వేలు వంకర పోకుండా కనిపెట్టుకుని ఉండండి, మూడు నెలలకోసారి తీసుకురండి అన్నది. అంతే! మందు లేదు, సూది లేదు, పూత లేదు. పొద్దుటి నుంచి లైన్లో నిలబడింది ఈ మాట కోసమా? నాకు ఒళ్లు మండిపోయింది.

బస్తీలో కనబడ్డ ప్రతివాళ్లూ, "ఏందే, ఇంక గట్లనే ఉన్నదా? ఏం జేస్తలేరా?" అనడమే. నేనేదో దాన్ని పెంచుతున్నట్టు! నల్లా దగ్గర ఒక ముసలమ్మ, పులిపిరికి గుర్రం వెంట్రుక కడితే రాలిపోతుందని చెప్పింది. ఇగ ఆగుతానా! పెళ్లి బరాత్ కోసం తెచ్చిన గుర్రం తోకలోంచి ఒక వెంట్రుక పీకి తెచ్చి, ఎవరికీ చెప్పకుండా ఆ గడ్డ మొదట్లో బిగించి కట్టాను.

తెల్లారి అమ్మానాన్నలు పనికి పోయాక వాడు గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టాడు. చూస్తే వెంట్రుక గడ్డ మీంచి జారి వేలికే బిగుసుకుంది. వేలు ఉబ్బి నీలంగా మారింది. ఉబ్బిన చర్మంలో కూరుకుపోయి ఆ వెంట్రుక కంటికి సరిగ్గా ఆనలేదు. వాణ్ణెత్తుకుని పక్కింటి అక్క దగ్గరికి ఉరికాను. ఆమె గోదావరి వైపు మనిషి, ఒక నర్సింగ్ హోంలో ఆయా. సన్న కత్తెర మొన దూర్చి, ఊపిరి బిగబట్టి దాన్ని తెంపింది. ఇంకో పూట గడిస్తే వేలే పోయేదట.

నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పూలు కట్టే దారం తీసి నా చూపుడు వేలికి గట్టిగా చుట్టి, "నేను బియ్యం కడిగొచ్చేదాకా ఉంచమ్మా" అంది. ఆమె గిన్నెలో నీళ్లు పోయకముందే నా వేలు సలపడం మొదలైంది. "అక్కా, తియ్యే!" అని అరిచాను. విప్పి, వేలు నిమురుతూ, "నువ్వు అరిచావు. వాడు చెప్పలేడు కదమ్మా" అంది.

"అయితే ఏం జెయ్యాలె? ఊకె చూస్కుంట కూసోవాల్నా?" అని ఏడ్చేశాను.

"అవునమ్మా, అదే కష్టం. రోజూ స్నానం చేయించేటప్పుడు వేలు వంగిందేమో చూడు. ఎవరన్నా అడిగితే చూస్తున్నామని చెప్పు. అదీ పనే."

చూశాను. తిట్టుకుంటూ చూశాను. ఒకసారి ఇంకొంచెం పెరిగింది కూడా. ఆ రోజు అన్నం తినలేదు. వాడికి నాలుగేళ్లు దాటాక అది చప్పబడుతూ వచ్చి, బడికి పోయే వయసుకల్లా ఆనవాలు లేకుండా పోయింది.

ఇప్పుడు నాకు నలభై దగ్గరపడ్డాయి. నా పిల్లలకు ఏదైనా అయి, డాక్టరు "జర ఆగి చూద్దాం" అంటే ఇప్పటికీ కోపం ముంచుకొస్తుంది. అయినా ఆగుతాను. తమ్ముడి చిటికెన వేలి చుట్టూ సన్నటి గీత ఒకటి ఉండిపోయింది. అది గడ్డ వల్ల వచ్చిందనే వాడు అనుకుంటాడు. నేను కట్టిన వెంట్రుక వల్లనని ఇంతవరకూ చెప్పలేకపోయాను.